అంకెలకు అజమాయిషీ

గత మాసము మా కేంద్రమునకు వచ్చిన ఉత్తరములలో ఒకటి పాటను కోరినది కాదు. నాటకమును మెచ్చుకొన్నదియు కాదు. గోదావరి ప్రాంతమున బియ్యపు మిల్లు నడుపుచున్న ఒక శ్రోత దానిని వ్రాసినారు. ధాన్యము కొనుగోలు, గోదాములోని నిల్వ, కూలీల జీతములు, రావలసిన బాకీలు, ఇవన్నియు వారు నాలుగైదు సంవత్సరములుగా కంప్యూటరులో ఒక వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ సహాయముతో వ్రాయించుచున్నారు. ఇప్పుడు ఆ లెక్కలనుండి నివేదికలు తీయుటకును, తెరమీద ఒక్క చూపులో స్థితిగతులు తెలుపు డాష్‌బోర్డు పెట్టుకొనుటకును ముగ్గురు వర్తకులు వచ్చి మూడు సాధనములు చూపి పోయినారట. మూడును రంగురంగులుగానే ఉన్నవట. వీనిలో ఏది కొనవలెనని వారి ప్రశ్న.

ఏ సరకు కొనవలెనో చెప్పుట రేడియో పని కాదు. పైగా రంగుల తెర ఎట్లుండునో మాటలతో చూపుట మావంటివారికి కష్టము. కాని ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దూరముననున్న పనిని, కంటితో చూడ వీలులేని సరకును అంకెల ద్వారా ఎరుగగోరినవారు చాలకాలముగా ఈ చిక్కులోనే పడుచు వచ్చిరి. వారిలో కొందరి కథలు ఆ శ్రోతకు పనికివచ్చునని మా నమ్మకము.

డాష్‌బోర్డు అను మాట కంప్యూటరువారు పుట్టించినది కాదు. పాశ్చాత్య దేశములలో గుర్రపుబండి తోలువాని కాళ్ళ ముందు ఒక పలకను నిలువుగా అమర్చెడివారు. పరుగెత్తు గుర్రముల గిట్టలనుండి ఎగిరిపడు బురద బండిలోనివారి మీద పడకుండుటకు ఆ పలక. బండికి మారుగా మోటారుకారు వచ్చిన పిదప అదే తావున వేగమును, పెట్రోలును, ఇంజను వేడిమిని తెలుపు ముళ్ళు వచ్చి చేరినవి. బురదను ఆపుటకు పుట్టిన పలక సమాచారము చెప్పు పలక అయినది. కొన్ని కార్యాలయములలో అది నేటికిని తన మొదటి పనియే చేయుచున్నదని మాకు అనుమానము.

మన పల్లెల లెక్కల సంగతి వేరు. కరణము సర్వే నంబరు వారీగా ఏ పొలములో ఏ పైరు వేసినదియు అడంగలులో వ్రాసెడివాడు. ఆ లెక్క తాలూకాకు, అక్కడనుండి జిల్లాకు పోయెడిది. ఏటేట జమాబందీలో గ్రామ లెక్కలు పరిష్కారమయ్యెడివి. అయితే కాగితము మీది వ్రాతను మాత్రమే నమ్మి ఎవరును ఊరుకొనలేదు. రెవెన్యూ అధికారి పొలము గట్టుకు పోయి, పైరును కంటితో చూచి, అడంగలులోని వ్రాతతో సరిపోల్చవలెను. దానికే వారి పరిభాషలో అజమాయిషీ అని పేరు. పారసీక భాషలో ఆ మాటకు పరీక్ష అని అర్థము. మనము ఇంటిలోను వీధిలోను దానిని పెత్తనము అను అర్థమున వాడి వాడి, అసలు అర్థమును మరుగున పడవేసితిమి. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దయినవి. ఈ ప్రసంగములో మేము అజమాయిషీ అను మాటను దాని పాత అర్థముననే వాడుదుము.

అంకెలను బొమ్మలుగా గీయుట 1786లో విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశస్థుడు ప్రచురించిన అట్లాసుతో ప్రసిద్ధికెక్కెను. ఇంగ్లండు వర్తకపు హెచ్చుతగ్గులను అతడు గీతలుగా చూపెను. 1801లో వృత్తమును ముక్కలుగా కోసినట్లు భాగములు చూపు పద్ధతినికూడ ప్రవేశపెట్టెను. ఆ శ్రోతకు వర్తకులు చూపిన తెరలలోని బొమ్మలు చాలవరకు ప్లేఫేర్ నాటివే. రంగులు మాత్రము పెరిగినవి.

అంకెలను వేళకు వేళ పైకి పంపు పద్ధతిని వ్యాపారమున పెద్ద ఎత్తున కట్టినవారు రైలు కంపెనీలవారు. అమెరికాలో న్యూయార్క్ అండ్ ఈరీ రైలుమార్గము సుమారు 500 మైళ్ళు సాగినది. డేనియల్ మెకల్లమ్ అనునాతడు 1854లో దానికి జనరల్ సూపరింటెండెంటు అయ్యెను. అప్పటికి ఒక వింత కనబడుచుండెను. చిన్న రైలుమార్గములు లాభముతో నడచుచుండగా పెద్దవానిలో మైలుకు అయ్యెడి ఖర్చు ఎక్కువగా ఉండెను. దీనికి కారణము మెకల్లమ్ తన 1856 నివేదికలో చెప్పెను. 50 మైళ్ళ మార్గమైనచో అధికారి తానే తిరిగి చూచుకొనును, పనివారినందరిని పేరుపేరున ఎరుగును. 500 మైళ్ళ మార్గమునకు వచ్చునప్పటికి అది సాధ్యము కాదు, పద్ధతియే దిక్కు. ఆ పద్ధతికి అతడు తంతిని వాడుకొనెను. రైళ్ళు ఎక్కడ ఉన్నవి, ఎందుచేత ఆలస్యమైనవి అను సంగతి గంటగంటకును వచ్చెడిది. దినచర్యలు, నెలసరి నివేదికలు వేరుగా వచ్చెడివి. ఏ ఇంజను ఎన్ని మైళ్ళు నడచినది, మరమ్మతునకు ఎంత అయినది అను లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచెడివారు. 1855లో అతడు వేయించిన పటములో సంస్థ అంతయు ఒక చెట్టువలె కనబడును. డైరెక్టర్లు వేళ్ళయందును, స్టేషనులు, సిబ్బంది కొమ్మలయందును ఉందురు. యజమాని పైన, పనివాడు క్రింద అను నేటి పటములకు ఇది తలక్రిందులు.

ఈ పద్ధతికి మెప్పు వచ్చినది, తగవును వచ్చినది. అతని కఠిన నియమములకు ఎదురుతిరిగి ఇంజను డ్రైవర్లు 1854లోను, మరల 1856లోను సమ్మె చేసిరి. 1857లో మెకల్లమ్ రాజీనామా ఇచ్చి పోయెను. అంకెలు పంపువాడు కూడ ఒక మనుష్యుడే, ఆ అంకె చివరకు తన మీదికే వచ్చునని అతడెరుగును అను సంగతి ఆ పటములో ఎక్కడను గీయబడలేదు.

తరువాతి కథ డు పాంట్ సంస్థది. మందుగుండు చేయుటతో మొదలిడి రసాయనముల పరిశ్రమగా ఎదిగిన ఆ సంస్థలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ అను ఇంజనీరింగు చదివిన యువకుడు 1914 ప్రాంతమున ఒక చిన్న సూత్రమును సిద్ధపరచెను. మిల్లు భాషలో చెప్పవలెనన్న అది ఇంతే: బస్తా అమ్మినప్పుడు వచ్చిన ధరలో ఎంత మిగిలినది, పెట్టిన పెట్టుబడి ఏడాదిలో ఎన్ని మారులు తిరిగినది, ఈ రెండింటిని హెచ్చవేసినచో పెట్టుబడిపై రాబడి తేలును. ధర బాగుండియు సరకు గోదాములో పండుకొన్నచో రాబడి తగ్గునని, స్వల్ప లాభమునకే అమ్మినను త్వరత్వరగా తిరిగినచో రాబడి పెరుగునని ఒక్క గుణకారములో కనబడును. ఈ సూత్రము ఆధారముగా ఆ సంస్థవారు విల్మింగ్టన్ నగరములోని తమ కార్యాలయమున ఒక పటముల గదిని ఏర్పరచిరి. సుమారు 350 పెద్ద పటములు పైకప్పుకు అమర్చిన పట్టాలనుండి వ్రేలాడుచుండెడివి. కార్యనిర్వాహక సంఘమువారు కూర్చున్నచోటికే కావలసిన పటమును జరిపి తెచ్చెడివారు. విద్యుత్తెరలు లేని కాలపు డాష్‌బోర్డు అదియే. ఆ గదిలో మేము మెచ్చుకొనునది ఒకటి కలదు. అన్ని శాఖలకును ఒకే సూత్రము. కనుక ఏ శాఖ అధికారియు తనకు అనుకూలమైన అంకెను ఏరుకొని తెచ్చుటకు వీలులేకపోయెను.

బ్రౌన్ 1921లో జనరల్ మోటార్స్ సంస్థకు మారెను. ఇంత చక్కని సూత్రము తెచ్చినవాడు ఉండియు అక్కడ జరిగినది ఆ మిల్లు యజమాని రెండు మారులు చదువదగిన కథ.

జనరల్ మోటార్స్ కార్లు చేయును. వ్యాపారులు వానిని కొని తమ ఊరిలో ప్రజలకు అమ్ముదురు. కారు కర్మాగారము గేటు దాటి వ్యాపారికి చేరగానే సంస్థ పుస్తకములో అది అమ్మకము. ఆ కారు వ్యాపారి ఆవరణలో ఆరు మాసములు ఎండకెండి వానకు తడిసినను పుస్తకములోని అంకె మారదు. 1924 ఆరంభమున లెక్కల శాఖవారు గిరాకీ తగ్గుచున్నదని హెచ్చరించిరి. శాఖాధిపతులు వసంతము రానిండు, అమ్మకములు పుంజుకొనునని వాదించిరి. అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ స్లోన్ ఎవరి మాటను నమ్మవలెనో తేల్చుకొనలేక కొంతకాలము ఊగిసలాడెను. ఆ సంగతి ఆయనయే తరువాత తన ఆత్మకథలో దాచక వ్రాసినాడు. ఆ మే మాసమున ఆయన బ్రౌన్‌ను వెంటబెట్టుకొని పశ్చిమమునకు ప్రయాణమై పోయెను. సెయింట్ లూయిస్‌లో దిగి వ్యాపారుల ఆవరణలోని కార్లను లెక్కించెను. కాన్సాస్ సిటీలో లెక్కించెను. లాస్ ఏంజిలిస్‌లో లెక్కించెను. మూడు చోట్లను అమ్ముడుకాని కార్లు బారులు తీరియున్నవి. అంత పెద్ద సంస్థకు అధ్యక్షుడైనవాడు ఊరూర దిగి వేలు చూపి కార్లు లెక్కపెట్టుట హాస్యముగా తోచవచ్చును. మన రెవెన్యూవారైనచో దానిని హాస్యమనరు, అజమాయిషీ అందురు.

ఉత్పత్తిని వెంటనే తగ్గింపుమని స్లోన్ ఆజ్ఞ ఇచ్చెను. కర్మాగారముల పనివారికి పని తగ్గినది. అంకె ఆలస్యముగా నిజము చెప్పినందుకు వెల చెల్లించినది అంకెలు వ్రాసినవారు కాదు. ఆపైని సంస్థవారు నివేదికనే మార్చిరి. ప్రతి వ్యాపారియు 10 దినములకొకమారు తాను ప్రజలకు ఎన్ని కార్లు అమ్మినది, తన యొద్ద ఎన్ని మిగిలినది తెలియజేయవలెనని ఏర్పాటు జరిగినది. ప్రభుత్వ కార్యాలయములలో నమోదైన క్రొత్త కార్ల సంఖ్యతోకూడ ఆ లెక్కను సరిచూచుకొనుట అలవాటయ్యెను. ఇక్కడ క్రొత్త యంత్రమేదియు కొనలేదని గమనింపవలెను. అమ్మకము అను మాటకు అర్థము మారినది, అంతే.

లెక్కించు యంత్రముల కథను వేగముగా దాటుదము. 1890 అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ తయారుచేసిన చిల్లుకార్డుల యంత్రము వాడబడెను. అతడు నెలకొల్పిన సంస్థ ఇతర సంస్థలతో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అను పేరు పొందెను. ఆ సంస్థనుండి వెలుపలికి వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో శాప్ అను సంస్థను స్థాపించిరి. కొనుగోలు, నిల్వ, జీతము, ఖాతా అన్నింటిని ఒకే తావున ఉంచు సాఫ్ట్‌వేర్లలో అది నేడు ప్రసిద్ధము. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు విజికాల్క్ అను గళ్ళ కాగితము వంటి లెక్కల పట్టికను చిన్న కంప్యూటరు మీదికి తెచ్చిరి. అంతకు ముందు నివేదిక కావలెనన్న కంప్యూటరు శాఖవారిని బ్రతిమాలి వారములు వేచియుండవలసి వచ్చెడిది. ఈ పట్టికతో గుమాస్తాకు స్వరాజ్యము వచ్చినది. ఎక్సెల్ 1985లో వచ్చి ఆ స్వరాజ్యమును లోకమంతటను వ్యాపింపజేసినది. మనదేశమున 1986లో బెంగుళూరులో మొదలైన టాలీ అంగడి అంగడికిని చేరినది.

స్వరాజ్యమునకు ఖర్చు ఉండును. 2020 సెప్టెంబరు చివరి దినములలో ఇంగ్లండులో కరోనా పరీక్షల ఫలితములను ప్రభుత్వ ఆరోగ్యశాఖ పోగుచేయుచుండెను. ప్రయోగశాలలనుండి వచ్చిన జాబితాలను ఎక్సెల్ యొక్క పాత రకపు ఫైలులోనికి ఎక్కించెడివారు. ఆ రకపు ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. మించినవి జారిపోయినవి. యంత్రము కేక వేయలేదు. తెరమీద ఎర్రదీపము వెలుగలేదు. 15,841 మంది రోగుల పేర్లు దినపు లెక్కలో చేరక నిలిచిపోయినవి. వారితో కలిసి తిరిగినవారిని హెచ్చరించుట ఆ మేరకు ఆలస్యమయ్యెను. దేశమంతయు ప్రతి సాయంకాలము చూచుచుండిన డాష్‌బోర్డులో ఆ దినములలోకూడ గీత చక్కగానే కనబడినది.

ఇందుకు విరుద్ధమైన కథ చిలీ దేశమున జరిగినది. 1971లో అధ్యక్షుడు అయెందే ప్రభుత్వము జాతీయము చేసిన కర్మాగారములను నడపు విధము చెప్పుటకు స్టాఫర్డ్ బీర్ అను ఆంగ్లేయుని పిలిపించెను. సైబర్‌సిన్ అని ఆ ఏర్పాటునకు పేరు. శాంటియాగోలో ఒక గదిని కట్టిరి. వలయాకారముగా 7 కుర్చీలు, కుర్చీ చేతులలో మీటలు, గోడల మీద తెరలు. ఛాయాచిత్రములలో చూచిన నేటికిని భవిష్యత్తు వలెనే ఉండును. కర్మాగారములనుండి అంకెలు టెలెక్సు మీద వచ్చి ఒకే ఒక పెద్ద కంప్యూటరులోనికి ఎక్కెడివి. 1972 అక్టోబరులో లారీ యజమానులు సమ్మె కట్టగా దేశము స్తంభించిపోవునట్లుండెను. అప్పుడు ప్రభుత్వమును ఆదుకొన్నది ఆ అందమైన గది కాదు. అది అప్పటికి సిద్ధమే కాలేదు. ఎక్కడ సరకు ఉన్నది, ఏ రోడ్డు తెరచియున్నది, ఏ లారీ దొరకును అని ఊరూరినుండి టకటకమని వార్తలు పంపిన టెలెక్సు యంత్రములే ఆదుకొన్నవి. గది తరువాత పూర్తియైనను నిత్యపు వాడుకలోనికి రాలేదు. 1973 సెప్టెంబరు 11న సైనిక తిరుగుబాటు జరిగినది, గది ధ్వంసమైనది.

సాధనములను అమ్మువారి సలహాను గురించి ఒక్క మాట. టెడ్ కాడ్ అను గణితజ్ఞుడు 1970లో వ్రాసిన వ్యాసము మీదనే నేటి లెక్కల నిల్వ సాఫ్ట్‌వేర్లు పెక్కు నిలిచియున్నవి. అంతటివాడు 1993లో విశ్లేషణకు పనికివచ్చు సాఫ్ట్‌వేర్‌కు ఉండవలసిన 12 లక్షణములను చెప్పుచు ఒక పత్రము ప్రకటించెను. ఆ పత్రమునకు ఖర్చు భరించినది ఆర్బర్ సాఫ్ట్‌వేర్ అను సంస్థయని, ఆ లక్షణములు ఆ సంస్థ సరకునకు బాగుగా అమరునని తెలిసినప్పుడు పెద్ద విమర్శ చెలరేగెను. ఆయన చెప్పిన లక్షణములు తప్పులని కాదు. అయితే కొలబద్దను ఎవరు కొని యిచ్చిరో అడుగుట మర్యాద తప్పినట్లు కాదు.

నేడు అంగడిలో సాధనములకు కొదవ లేదు. 2003లో పుట్టిన టాబ్లో, 2015లో అందరికిని అందిన పవర్ బి.ఐ. వెల కట్టి కొనవలసినవి. సూపర్‌సెట్, మెటాబేస్ వంటివి వెల లేకుండ దొరకును. కాని వానిని నిలబెట్టి నడుపుటకు తెలిసిన మనిషి కావలెను, ఆ మనిషికి జీతము కావలెను. ఈ పేర్లు చెప్పుటలో మాకు ప్రచారోద్దేశము లేదు. నివేదిక వేరు, డాష్‌బోర్డు వేరు అని మాత్రము వర్తకులు తరచుగా చెప్పరు. నివేదిక ఆడిటరు ముందు పెట్టునది, సంతకమయినది, ఏడాది తరువాతకూడ అదే అంకె చూపవలసినది. డాష్‌బోర్డు ఈ పూట చూచి ఈ పూట ఏదో ఒకటి చేయుటకు. రెండింటిని ఒకే తెరతో తీర్చుకొనబోయి రెంటికిని చెడినవారిని మేమెరుగుదుము.

ఎరుగుటయే కాదు, ఆ తప్పులో మాకును పాలు కలదు. పూర్వము మేము పనిచేసిన ఒక కార్యాలయమున పై అధికారి గదిలో ఒక తెర ఉండెడిది. ప్రజల ఉత్తరములలో ఎన్నింటికి జవాబులు పోయినవో అది చూపెడిది. ఎప్పుడు చూచినను ఆకుపచ్చ. ఒకనాడు ఒక వృద్ధుడు చేతికర్రతో మెట్లెక్కి వచ్చి, తాను వ్రాసిన మూడు ఉత్తరముల నకళ్ళు మా బల్ల మీద పెట్టి, ఒక్కదానికిని జవాబు రాలేదని నెమ్మదిగా చెప్పెను. తరచి చూడగా, ఉత్తరమును సంబంధించిన విభాగమునకు పంపినట్లు రిజిస్టరులో వ్రాయగానే తెర దానిని జవాబిచ్చిన ఉత్తరముగా లెక్కించుచుండెను. మోసము చేయవలెనని ఎవరును అట్లు పెట్టలేదు. రిజిస్టరులో ఆ తేదీ గడి ఒక్కటే నిండియుండెను. యంత్రమునకు అదే దొరికెను. మేమును ఆ ఆకుపచ్చను చూచి ఏడాదిపాటు సంతోషించినవారమే. ఆ వృద్ధుడు మెట్లు దిగిపోవుచుండగా మాకు కలిగిన సిగ్గు ఇప్పటికిని జ్ఞాపకము.

మిల్లు యజమానికి మేము వ్రాసిన జవాబు చిన్నది. వర్తకుడు తెచ్చిన నమూనా లెక్కలతో కాక, మీ మిల్లు గత మాసపు లెక్కలతోనే చూపుమనుడు. తెరమీద అమ్మకము అని కనబడు అంకె మీద వ్రేలు పెట్టి, ఇది ఎక్కడనుండి వచ్చినదని అడుగుచు పొండు. కాటా చీటీ వరకు పోగలిగినచో మంచిదే. పోలేకపోయినచో ఎక్కడ తెగినదో గుర్తుపెట్టుకొనుడు. ఆ అంకె ఎన్ని దినముల పాతదో అడుగుడు. దానిని చూచి మీరు మానుకొను పని గాని, చేయు పని గాని ఏమున్నదో మిమ్ము మీరే అడుగుకొనుడు. ఏదియు లేనిచో ఆ బొమ్మకు వెల కట్టనక్కరలేదు. రేపు ఈ సాధనము వలదనుకొన్నచో మీ లెక్కలు మీకు తిరిగి వచ్చునా, వచ్చినచో ఏ రూపమున వచ్చునో కాగితము మీద వ్రాయించుకొనుడు.

పది దినములకు మరల ఉత్తరము వచ్చినది. ముగ్గురిలో ఇద్దరు మిల్లు లెక్కలతో చూపుటకు వ్యవధి లేదనినారట. మూడవవాడు రెండు దినములు కూర్చుండి చూపినాడట. ధాన్యము, బియ్యము, నూకలు కాటా చీటీ వరకు సరిగా వచ్చినవి. తవుడు మాత్రము రాలేదు. వెదకగా తవుడు అమ్మకము లెక్క అంతయు ముసలి గుమాస్తా జేబులోని చిన్న పుస్తకములో ఉన్నదని, అది కంప్యూటరులోనికి ఎన్నడును ఎక్కలేదని తేలినదట. గుమాస్తాను అడుగగా, తవుడు సంగతి తనను ఇంతకాలము ఎవరును అడుగలేదనినాడట. కొనుగోలు ప్రస్తుతమునకు ఆగినది. సాయంకాలము కాటా మూసిన పిదప యజమానియు గుమాస్తాయు కూర్చుండి ఆ పుస్తకమును పుట పుటగా కంప్యూటరులోనికి ఎక్కించుచున్నారని, గత సంక్రాంతి వరకు వచ్చినారని వ్రాసినారు.